పేర్లు అడగలేదు

మా ఊరి టాకీసు వెనక రీలు ముక్కలు దొరికేవి. ఫిల్ము తెగినప్పుడల్లా ఆపరేటరు పాడైన చోటు కత్తిరించి, అతికించి, మిగిలిన తునకను కిటికీలోంచి పారేసేవాడు. మాడిపోయిన బల్బులో తీగ పీకేసి నీళ్ళు పోసి, దాని ముందు ఆ ముక్క పెట్టి, వీధిలోంచి అద్దంతో ఎండ మళ్ళిస్తే చీకటి గదిలో గోడ మీద బొమ్మ పడేది. తలకిందులుగా పడేది. ముక్కను తిప్పి పట్టుకోవాలని ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నాం. నా ఈడు వాళ్ళలో చాలామంది ఆ ఆట ఆడారు, ఆడి మరిచిపోయారు. నేను మరవలేదు.

ఉద్యోగం వచ్చి హైదరాబాదు చేరాక, జుమ్మేరాత్ బజారులో పాత ఫ్యాన్ల మధ్య ఒక చిన్న ప్రొజెక్టరు కనబడింది. బెల్టు తెగి ఉంది. పక్కనే తోలు పెట్టె, అందులో తుప్పు పట్టిన పద్దెనిమిది రేకు డబ్బాలు. రెండూ కొన్నాను. బెల్టు వేయించి, గోడకి తెల్ల దుప్పటి కట్టి, మొదటి రీలు ఎక్కించిన రాత్రి నాకింకా గుర్తుంది. మండువా లోగిలి, వాన, చూరు నీళ్ళ కింద గంతులేస్తున్న ముగ్గురు పిల్లలు. మూడు నిమిషాల్లో అయిపోయింది. తెల్లారేదాకా మళ్ళీ మళ్ళీ వేసుకున్నాను. నా జీవితమంతా చేయబోయే పని ఏమిటో ఆ రాత్రే తెలిసింది. నా తప్పు మొదలైందీ ఆ రాత్రే.

ఎందుకో చెప్పాలంటే ఈ ఫిల్ము సంగతి కొంచెం చెప్పాలి. ఇళ్ళలో సినిమా తీసుకోవడానికి ఫ్రాన్సులో పాథే వాళ్ళు 1922లో 9.5 మిల్లీమీటర్ల ఫిల్ము తెచ్చారు. మరుసటి ఏడాది కొడాక్ 16 మిల్లీమీటర్లది, 1932లో 8 మిల్లీమీటర్లది, 1965లో సూపర్ 8 తెచ్చింది. సూపర్ 8 క్యాట్రిడ్జిలో 50 అడుగుల ఫిల్ము ఉంటుంది. సెకనుకి 18 బొమ్మల చొప్పున నడిపితే 3 నిమిషాల 20 సెకన్లు వస్తుంది. థియేటరు సినిమాకి నెగెటివు ఉంటుంది, దాన్నుంచి ఎన్ని ప్రింట్లయినా తీస్తారు. ఇంటి ఫిల్ముకి సాధారణంగా నెగెటివు ఉండదు. కెమెరాలో తిరిగిన ఫిల్మునే కడిగి ప్రొజెక్టర్లో ఎక్కిస్తారు. ఆ వానలో గంతులేసిన పిల్లలకి ప్రపంచం మొత్తం మీద ఆ ఒక్క రీలే ఉంది. వేసిన ప్రతిసారీ దాని మీద ఒక గీత పడుతుంది, ఒక చిల్లు సాగుతుంది. ఎక్కడైనా ఇరుక్కుని ఆగితే దీపం వేడికి ఆ బొమ్మ మధ్యలోంచి గోధుమరంగు బుడగలా ఉబ్బి కరిగిపోతుంది.

ఇది నాకు తెలుసు. తర్వాత కలిసిన మా సేకర్తల బృందంలో ప్రతి ఒక్కరికీ తెలుసు. అయినా ఆదివారం ఆదివారం వేసుకున్నాం. స్నేహితులొస్తే వేశాం, స్నేహితుల స్నేహితులొస్తే వేశాం. పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మేనమామలు మోసుకొస్తున్న ఒక రీలు మా దగ్గర ఉండేది. దాన్ని ఎన్నిసార్లు వేశామంటే, ఇప్పుడు బుట్ట పందిట్లోకి రాకముందే తెగిపోతుంది. కాలిన ముక్కలు కత్తిరించి అతికించింది నేనే. మా ఊరి ఆపరేటరు చేసిన పనే నేనూ చేశాను. ఆయన చేతిలో ఉన్న సినిమాకి ఇంకో ప్రింటు ఉండేది.

మా తెలుగువాళ్ళ తొలి మూకీ 'భీష్మ ప్రతిజ్ఞ' ఒక్క అడుగు కూడా మిగల్లేదని మేం ఎన్నిసార్లు బాధపడ్డామో లెక్కలేదు. దాన్ని నిర్మించిన రఘుపతి వెంకయ్య కాలం వాళ్ళకి ముందుచూపు లేదన్నాం, ప్రభుత్వానికి పట్టలేదన్నాం. ఆ మాటలు అంటూనే మా చేతుల్లో ఉన్నదాన్ని మేం అరగదీస్తున్నాం.

ఇళ్ళలో జరిగిందీ ఇంతే. 1965లోనే అమెరికా వలస చట్టం మారింది. ఆ తర్వాత వెళ్ళిన మన డాక్టర్లు, ఇంజినీర్లు కొందరు సూపర్ 8 కెమెరాలు కొనుక్కున్నారు. తొలి మంచు తీశారు, తొలి కారు తీశారు. సెలవులకి వచ్చినప్పుడు అరుగు మీద తాతయ్యని, పెరట్లో అమ్మమ్మని తీశారు. ఆ కాలపు తెలుగు ఊళ్ళు, తెలుగు ముంగిళ్ళు రంగుల్లో కదలడం చూడాలంటే చాలావరకు అలాంటి రీళ్ళే దిక్కు. వాటిని అటక మీద పెట్టాం. పైన కాంక్రీటు కప్పు, మే నెల ఎండ, ఆ తర్వాత వానాకాలపు తేమ. ఈ రీళ్ళు చాలావరకు అసిటేటు ఫిల్మువి, దానికి వేడీ తేమా రెండూ విషమే. ఫిల్ముకి ఆధారమైన అసిటేటు పొర విరిగి ఎసిటిక్ ఆమ్లం పుడుతుంది, డబ్బా తీస్తే సిర్కా వాసన గుప్పుమంటుంది. ఆ ఆవిరి పక్క రీలుకీ అంటుకుంటుంది. కొందరు గోడ మీద వేసి సెల్‌ఫోనుతో పట్టుకుని, పని అయిపోయిందని అసలు రీలు పారేశారు. మా బంధువుల ఇంట్లో రెండుసార్లు ఆ సలహా ఇచ్చింది నేనే. ఆ వీడియోలు దాచిన హార్డ్ డిస్కు ఇప్పుడు తెరుచుకోవడం లేదు.

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోని దక్షిణాసియా అధ్యయన కేంద్రంలో, మన దేశంలో ఉద్యోగాలు చేసి వెళ్ళిన బ్రిటిష్ కుటుంబాల ఇంటి ఫిల్ములు భద్రంగా ఉన్నాయి. అమెరికాలో రెండో ప్రపంచ యుద్ధకాలంలో జపనీయ సంతతి వాళ్ళని నిర్బంధించిన టోపాజ్ శిబిరంలో డేవ్ టాట్సునో చాటుగా 8 మిల్లీమీటర్ల కెమెరాతో తీసిన ఫిల్మును 1996లో జాతీయ ఫిల్మ్ రిజిస్ట్రీలో చేర్చారు. ఇంటి ఫిల్ము చరిత్ర అవుతుందని వాళ్ళు గుర్తించారు. మనం దాన్ని డబ్బున్నవాళ్ళ సరదా అనుకున్నాం. సేకర్తలమైన మేమైతే మా సరదా అనుకున్నాం. ఎవరి దగ్గర ఏముందో ఒక జాబితా కూడా రాసుకోలేదు. ఎవరి పెట్టె వాళ్ళు దాచుకున్నాం.

అన్నిటికంటే పెద్ద తప్పు ఇప్పుడు చెబుతాను. ఆ పద్దెనిమిది రేకు డబ్బాలూ తుప్పుపట్టి ఉన్నాయని, రీళ్ళు తీసి మూత బిగుతుగా పట్టే కొత్త ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టాను. శుభ్రంగా సర్దానని సంతోషపడ్డాను. గాలాడని డబ్బాలో ఆమ్లం లోపలే నిలిచి ఫిల్మును మరింత తొందరగా తింటుందని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. పాత రేకు డబ్బాలు చెత్తలో వేశాను. వాటి మూతల లోపల కాగితాలు అంటించి ఉన్నాయి. వాటి మీద పెన్సిలుతో తెలుగులో ఏదో రాసి ఉంది. నేను చదవలేదు. రీలు ఎక్కించే తొందరలో ఉన్నాను.

పెట్టె అమ్మినతన్ని అది ఏ ఇంటి నుంచి వచ్చిందని కూడా అడగలేదు. రెండేళ్ళ తర్వాత వెళ్తే అతను అక్కడ లేడు. ఇన్నేళ్ళలో ఆ రీళ్ళు చూసినవాళ్ళు వందల్లో ఉంటారు. అందరూ ఎంత బాగుందో అన్నారు. వీళ్ళెవరని నేను కనుక్కోలేదు, కనుక్కోమని మా బృందంలో ఎవరూ అనలేదు.

మీ ఇంట్లో అలాంటి రీళ్ళుంటే అటక మీంచి దించండి. పుల్లటి వాసన వస్తున్నవాటిని వేరుగా పెట్టండి. ప్రొజెక్టర్లో ఎక్కించకండి, తెలిసినవాళ్ళ చేత స్కాన్ చేయించండి. అసలు రీలు పారేయకండి. ఇంట్లో పెద్దవాళ్ళుండగానే వాళ్ళ పక్కన కూర్చుని చూసి, ఒక్కొక్కరి పేరూ రాసుకోండి.

ఆ పెట్టెలో స్కాన్ చేయడానికి వీలైన రీళ్ళు ఏడు మిగిలాయి. ఒకదాంట్లో తులసికోట పక్కన ఒక పెద్దావిడ కూర్చుని ఉంటుంది. పసుపు చీర, ఎర్ర అంచు, ఎడమ చెవికి కమ్మ లేదు. కెమెరా చూడగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి, అవతలికి పొమ్మని చెయ్యి ఊపుతుంది. వెనక నీలం తలుపు, దాని మీద ముగ్గుపిండితో వేసిన రెండు చేతి గుర్తులు. ఆవిడ మీ ఇంటి మనిషైతే పేరు చెప్పండి. రీలు మీకిచ్చేస్తాను.