ఉసిరి నీడకు కులమున్నదా?



కార్తీక మాసము ప్రవేశించినది మొదలు, ఆదివారము వచ్చిన ప్రతిసారి సుచిత్ర కూడలిలో ఒక దృశ్యము కానవచ్చును. తెల్లవారకముందే బస్సులు బారులు తీరియుండును. కొన్ని కొంపల్లి మీదుగా మేడ్చల్ తోటలకు, కొన్ని శామీర్‌పేట చెరువు పరిసరములకు బయలుదేరును. ప్రతి బస్సు ముందు ఒక ఫ్లెక్సీ. దానిపై దామోదరుని చిత్రము చిన్నది. ఆ పైన పెద్ద అక్షరములతో ఒక కులము పేరు. ప్రక్కన ఆ కులపు నాయకుల ముఖములు. అడుగున ‘కార్తీక వనభోజన మహోత్సవము’ అను మాట.

ఈ బస్సులు ఎక్కువారు ఒకరికొకరు అపరిచితులు కారు. ముందునాటి సాయంకాలము ఒకే కాలనీ దేవాలయమున, ఒకే ధ్వజస్తంభమున వెలిగిన ఆకాశదీపమునకు కలిసి నమస్కరించినవారే. ఒకరి ప్రమిదలో వత్తి ఆరిపోగా మరియొకరు తమ దీపముతో వెలిగించి యిచ్చినవారే. ఆ వేళ ఎవరును ఎవరి కులమును అడుగలేదు. తెల్లవారునప్పటికి మాత్రము ఎవరి బస్సు వారిది, ఎవరి తోట వారిది, ఎవరి ఉసిరిచెట్టు వారిది. ప్రక్కింటి స్నేహితుని కూడ తీసికొని పోవుదమని పిల్లవాడు అడిగినచో, “వాళ్ళు మనవాళ్ళు కారు నాన్నా” అని తల్లి మెల్లగా చెప్పును. ఆ పిల్లవాడు పవిత్రమైన కార్తీకమున పొందిన తొలి ఉపదేశము అదియే.

వనభోజనము అను ఆచారమునకు మూలమేమి? వానలు వెనుకబట్టి చెట్లు చేమలు పచ్చగా నుండు వేళ, గృహస్థుడు తన గడప దాటి, తన పెద్దరికమును ఇంటనే విడిచి, ధాత్రీవృక్షము క్రింద శ్రీమహావిష్ణువును పూజించి, ఆ నీడలో నేలపై కూర్చుండి భుజించుట. గృహమునకు గోడలు కలవు, వనమునకు లేవు. గోడలు లేని చోటికి పోయి భుజించుటయే వ్రతమైనపుడు, ఆ గోడలను బస్సులో వేసికొని పోవుటను ఏమనవలెను?

పురాణమే ప్రమాణమందురా? కార్తీక పురాణమును దినమునకొక అధ్యాయము చొప్పున ముప్పది దినములు ఆలయములలో పారాయణము చేయుదురు. అందు ఐదవ అధ్యాయము వనభోజన మహిమను చెప్పునట్టిది. ఆ మహిమకు దృష్టాంతముగా పురాణకర్త ఏ కథను ఎన్నుకొనెనో సాధకులు గమనించవలెను. కావేరీ తీరమున శివశర్మ యను బ్రాహ్మణకుమారుడు కార్తీక వ్రతమును హేళన చేసి, తండ్రి శాపమున రావిచెట్టు తొర్రలో ఎలుకయై పడియుండెను. విశ్వామిత్ర మహర్షి శిష్యులతో వచ్చి ఆ చెట్టు నీడనే కూర్చుండి కార్తీక మాహాత్మ్యమును వినిపించుచుండగా ఒక కిరాతకుడు అచటికి వచ్చెను. వచ్చినది దోచుకొను తలంపుతో. మహర్షి వానిని తరిమివేయలేదు, నీ కులమేదని ప్రశ్నింపలేదు. కూర్చుండి వినుమనెను. ఆ శ్రవణముచేతనే ఎలుకకు శాపవిముక్తియు కిరాతకునకు సద్గతియు కలిగినవి. వనభోజన మహిమను చెప్పు అధ్యాయముననే చెట్టు నీడన అడవిజాతివాడు కూర్చున్నాడు, తొర్రలో ఎలుక విన్నది. అట్టి అధ్యాయమును ఐదవనాడు భక్తితో చదివి, ఆదివారమునాడు “మన కులస్థులకు మాత్రమే” అని పత్రిక వేయుట పారాయణమునకు ఏ విధమైన ఫలశ్రుతి?

“ఉసిరిచెట్టు క్రింద బ్రాహ్మణునకు భోజనము పెట్టవలెనని పురాణమే చెప్పినది గదా, అది భేదము కాదా?” అని కొందరు అడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. ఎవరిని సత్కరించవలెనో అచట చెప్పబడినది. ఎవరిని వెలివేయవలెనో చెప్పబడలేదు. సత్కారవిధిని బహిష్కారవిధిగా చదువుట శాస్త్రజ్ఞానము కాదు, స్వార్థవ్యాఖ్యానము.

“కులసంఘములు మేలు చేయలేదా?” అని మరికొందరి వాదము. చేసినవి, కాదనుట అసత్యమగును. హైదరాబాదులో 1918లో వెలసిన రెడ్డి వసతిగృహము పల్లెలనుండి వచ్చిన విద్యార్థులకు తలదాచుకొను చోటిచ్చినది. అంతకుముందే, 1906లో, భాగ్యరెడ్డి వర్మ ఇదే నగరమున జగన్మిత్ర మండలిని స్థాపించి, అస్పృశ్యులుగా ఎంచబడినవారిలో విద్యకు, ఆత్మగౌరవమునకు బీజము వేసెను. కాని ఈ దృష్టాంతములను నేటి బస్సులకు ఆధారము చేసికొనుట తగదు. ఆ సంఘములు లేనివానికి ఏదో సమకూర్చుటకు పుట్టినవి: ఒకదాని ఫలము చదువు, మరియొకదాని ఫలము గౌరవము. నేటి వనభోజనము ఎవరికి ఏమి సమకూర్చుచున్నది? తలుపు మూయబడినవాడు బయట తనవారితో కూడి ధైర్యము చెప్పుకొనుట వేరు. తలుపు మూసినవాడు లోపల తనవారితో కూడి విందారగించుట వేరు. పైగా నేడు భోజనానంతరము వేదికపై జరుగుచున్నది హరికథ కాదు. మనవారి ఓట్లెన్ని, మనకు రావలసిన టిక్కెట్లెన్ని అను లెక్క. దామోదరుని పేర పిలిచి తలలు లెక్కించుట దైవద్రోహము.

తెలుగువారికి మరియొక కార్తీకము కూడ కలదని చాలమంది మరచినారు. పల్నాటి కారంపూడిలో కార్తీక అమావాస్యతో ఆరంభమై ఐదు దినములు వీరారాధనోత్సవములు జరుగును. అందు మందపోరు నాడు చాపకూడు. చాపపై పోసిన అన్నమును కులభేదము లేక అందరును కలిసి భుజించుట దాని రీతి. పన్నెండవ శతాబ్దమున బ్రహ్మనాయుడు నెలకొల్పిన ఆచారమని పల్నాడు దానిని నేటికిని తలచుకొనును. అస్పృశ్యకులమున పుట్టిన కన్నమదాసును ఆయన కుమారునివలె చేపట్టి సేనాపతిని చేసెను. ఆ బ్రహ్మనాయుడు నాస్తికుడా? మాచర్ల చెన్నకేశవుని పరమభక్తుడు. అతని భక్తి అన్నపు రాశి వద్దకు వచ్చి నిలిచినది. నేటివారి భక్తి అన్నపు రాశి వద్దకు రాగానే ఆగిపోవుచున్నది.

ఇక తోటలోనికి పోయి చూడవలెను. విస్తళ్ళు వేసిన కులస్థులు మాత్రమే అచట ఉన్నారా? చీకటితోనే లేచి తోట ఊడ్చిన స్త్రీ యున్నది. పొయ్యి వద్ద పొగలో నిలిచిన వంటవారున్నారు. బస్సులు నడిపి గేటు వెలుపల చెట్టు క్రింద కూర్చున్న డ్రైవర్లున్నారు. జీడిమెట్ల కర్మాగారములలో వారమంతయు శ్రమించి, ఆదివారము కూలికై కుర్చీలు మోయుటకు వచ్చిన పరరాష్ట్రపు యువకులున్నారు. వారు చివరి పంక్తికి, మిగిలినది తినుటకు. గీత ఆరవ అధ్యాయము ముప్పది రెండవ శ్లోకమున భగవానుడు పరమయోగికి చెప్పిన లక్షణము ఆత్మౌపమ్యము. ఇతరుల సుఖమును దుఃఖమును తనదానితో పోల్చి చూడగలుగుట అని దాని అర్థము. ఇందుకు హిమాలయ గుహలు అక్కరలేదు. పండ్రెండు గంటల వేళ మనకు ఆకలియైనపుడు గేటు వెలుపల కూర్చున్నవానికిని ఆకలియైనదని తలచుట చాలును. ఆ తలంపు రానివానికి గీతలోని ఏడు వందల శ్లోకములు కంఠస్థమైనను, కంఠము దాటి లోనికి దిగలేదనియే చెప్పవలెను.

అర్చకులు, పురోహితులు ఈ దోషమునకు వెలుపలివారు కారు. కులపు వేదికపై సత్యనారాయణ వ్రతము చేయించి, మైకులో ఆ కులమును వేనోళ్ళ కొనియాడి, సంభావన గైకొని వచ్చువారు కోకొల్లలు. ఆ వ్రతకథలో కట్టెలు అమ్ముకొనువాడును వ్రతము చేసి తరించెనని చదివిన నోటితోనే ఈ పొగడ్త. ఇందుకు భిన్నమైన మార్గము అర్చకులకు లేదందురా? 2018 ఏప్రిల్ 16న జియాగూడ శ్రీరంగనాథస్వామి ఆలయములో చిలుకూరు బాలాజీ ఆలయ అర్చకులు సి.ఎస్. రంగరాజన్ ఒక దళిత భక్తుని తమ భుజములపై మోసికొని స్వామి సన్నిధికి చేర్చిరి. శ్రీరంగమున లోకసారంగముని తిరుప్పాణాళ్వారును మోసిన సంప్రదాయమునకు అది పునఃస్మరణము. ఆ దృశ్యమునకు కన్నులు చెమర్చినవారు అనేకులు. అయితే భుజములపై మోయుట ఒకనాటి సేవ. ప్రక్కన విస్తరి వేయుట నిత్యము చేయదగిన సేవ. మొదటిదానికి చప్పట్లు కొట్టి రెండవదానికి వెనుదీయుట భక్తి కాదు, ముచ్చట.

కావున చేయవలసినది కష్టమైనది కాదు. సుచిత్ర పరిసరములలో కాలనీకొక గుడి యున్నది, గుడికొక సేవాసమితి యున్నది. ఆ సమితియే పత్రిక వేసి, కాలనీలో నివసించువారందరిని, అచట పనిచేయు కాపలాదారులను, పనివారలను, పారిశుద్ధ్య కార్మికులను కుటుంబసమేతముగా పిలిచి ఒకే నాడు ఒకే చెట్టు క్రింద వనభోజనము జరుపవచ్చును. వడ్డన వంతులవారీగా సాగవలెను. ఏటేట వడ్డించువారు ఈమారు కూర్చుండవలెను, ఏటేట కూర్చుండువారు వడ్డింపవలెను. కులసంఘము పిలిచినపుడు పురోహితుడు ఒక్క ప్రశ్న అడుగవలెను: “గేటు వద్దనున్నవారికి మొదటి పంక్తిలో విస్తరి వేయుదురా?” వేయుదుమన్నచో వెళ్ళవలెను. లేదన్నచో ఆ సంభావనను వదలుకొనవలెను. ఒక ఆదివారపు సంభావన పోయినంతమాత్రమున పురోహితుడు పస్తుండడు.

ఉసిరిచెట్టు తన నీడను పంచుటకు పట్టిక వ్రాసికొనలేదు. ఎండ ఎవరిపై పడునో వారికెల్ల అది నీడనిచ్చును. ఆ చెట్టును విష్ణుసన్నిధిగా పూజించి, దాని స్వభావమును మాత్రము తిరస్కరించుట పూజ కాజాలదు. రాబోవు కార్తీకమున ఆ పిల్లవాడు మరల అడుగును, స్నేహితుని తీసికొని పోవుదమా అని. తల్లి ఏమి చెప్పవలెనో ఇప్పుడే నిశ్చయించుకొనవలెను.

శ్రీ దామోదరార్పణమస్తు.