దేశానికో వాటా.. చేజారితే తిరిగిరాదు

గుంటూరు: పత్తి, మిరప చేలు తాకట్టు పెట్టి పిల్లలను ఐరోపాకు పంపిన కుటుంబాలు పల్నాడు మొదలు ఒంగోలు వరకు ఉన్నాయి. అక్కడ రెండు మూడు దేశాల్లో కొలువు చేసి తిరిగి వచ్చేవారికి ఎదురయ్యే ప్రశ్న ఒకటే. ప్రతి నెలా జీతం నుంచి మినహాయించిన పింఛను చందా ఏమైనట్లు?

చివరగా పనిచేసిన దేశమే మొత్తం పింఛను ఇస్తుందన్న నమ్మకం సరికాదు. ఐరోపా సమాఖ్య 883/2004 నిబంధన ప్రకారం ఏ దేశం వాటా ఆ దేశమే చెల్లిస్తుంది. అర్హతకు కాలం చాలనప్పుడు మాత్రం ఇతర సభ్య దేశాల్లోని కాలాన్నీ కలిపి లెక్కిస్తారు. సమాఖ్యలో చట్టబద్ధంగా నివసించే విదేశీయులకు కూడా 2010లో ఈ వెసులుబాటు కల్పించారు. డెన్మార్క్ అందులో చేరలేదు.

స్వగ్రామానికి వచ్చి స్థిరపడినవారికి ప్రధాన ఆధారం భారత్ ఒక్కో దేశంతో విడిగా కుదుర్చుకున్న సామాజిక భద్రతా ఒప్పందాలే. బెల్జియంతో ఒప్పందం 2009లోను, ఫ్రాన్స్, నెదర్లాండ్స్‌లతో 2011లోను, జర్మనీతో సమగ్ర ఒప్పందం 2017 మేలోను అమలులోకి వచ్చాయి.

జర్మనీలో వృద్ధాప్య పింఛనుకు కనీసం 60 నెలల చందా ఉండాలి. అక్కడ 48 నెలలే పనిచేసిన వ్యక్తికి ఇక్కడ ఉద్యోగుల పింఛను పథకంలో మరో 24 నెలలు ఉంటే, రెండూ కలిపి అర్హత లభిస్తుంది. సొమ్ము మాత్రం ఆ 48 నెలలకే వస్తుంది. చిక్కు ఇక్కడే ఉంది. విమానం ఎక్కే ముందు వీసా ఖర్చులకని పీఎఫ్‌తోపాటు పింఛను సొమ్మును కూడా తీసేసుకుంటే ఆ 24 నెలలు లెక్కలోంచి పోతాయి. దానికి బదులు స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుంటే సర్వీసు నిలిచి ఉంటుంది.

జర్మనీలో 60 నెలలు నిండనివారు సమాఖ్యను విడిచిన 24 నెలల తర్వాత చందా వాపసు కోరవచ్చు. మిరప ధర పడిపోయిన ఏడాది ఆ మొత్తం అప్పుల వాడికి అక్కరకు రావచ్చు, దాన్ని తప్పుపట్టడానికి లేదు. అయితే తిరిగి వచ్చేది ఉద్యోగి వాటా మాత్రమే. యజమాని కట్టినది రాదు. పైగా ఆ నెలలపై హక్కు శాశ్వతంగా రద్దవుతుంది. 1964లోను, ఆ తర్వాత పుట్టినవారికి అక్కడి పూర్తి పింఛను వయసు 67 కావడంతో అంతకాలం ఆగే ఓపిక అందరికీ ఉండదు.

నెదర్లాండ్స్ తీరు వేరు. అక్కడి మూల పింఛనులో బీమా కింద ఉన్న ప్రతి ఏడాదికి 2 శాతం చొప్పున హక్కు జమవుతుంది. బ్రిటన్‌లో సాధారణంగా పదేళ్ల చందా తప్పనిసరి. భారత్‌లోని కాలాన్ని దానికి కలిపే ఒప్పందం లేదు. ఇక్కడ నివసించేవారికి ఆ పింఛను ఏటా పెరగదు కూడా.

ఒప్పంద దేశాల పింఛనుకు ఇక్కడినుంచే ఈపీఎఫ్ఓ ద్వారా దరఖాస్తు చేసుకోవచ్చు. జీతపు చీట్లు, ప్రతి దేశపు బీమా సంఖ్య భద్రపరచుకోవాలి. మన ఇంటిపేరు పాస్‌పోర్టులో పూర్తిగా, మరో పత్రంలో పొడి అక్షరంగా ఉంటే ఆ వ్యక్తి తానేనని నిరూపించుకోవలసిన భారం దరఖాస్తుదారుపైనే పడుతుంది. ఆ సవరణ ఏదో అక్కడ ఉద్యోగంలో ఉండగానే చేయించుకోవడం తేలిక.