ఆ ఇరవై నిమిషాలు

మాచర్ల దగ్గర మిరపచేను. పొద్దుగూకేవేళ కాయలు కోస్తున్న కూలీని రక్తపింజరి కాటేసిందనుకోండి. ఆశా కార్యకర్త 108కి ఫోన్ చేస్తుంది. దారిలో అంబులెన్స్ టెక్నీషియన్ నాడి, బీపీ చూస్తాడు. ఆసుపత్రిలో నర్సు, డాక్టరు, ల్యాబ్ టెక్నీషియన్, ఫార్మసిస్టు. ఒక్క ప్రాణం కోసం ఆరుగురు!

అక్కడ చేసే పరీక్ష సులువైనదే. రెండు మిల్లీలీటర్ల రక్తాన్ని శుభ్రమైన, పొడి గాజుగొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. తర్వాత వంచి చూస్తే గడ్డకట్టలేదా... విషం పనిచేస్తున్నట్టే. విరుగుడు ఎక్కించాల్సిందే. కానీ కాటు పడిన సమయం ఒకరి నుంచి మరొకరికి చేరేలోపు మారిపోతే? గొట్టం చెప్పిన సంగతి డాక్టరు చెవిన పడకపోతే?

నర్సింగ్ విద్యార్థినికి సూది వేయడం నేర్పుతాం. 'డాక్టరుగారూ, రక్తం గడ్డకట్టలేదు, చిగుళ్ల నుంచి కారుతోంది, వెంటనే చూడండి' అని బెరుకు లేకుండా చెప్పడమూ నేర్పాలి కదా! వేర్వేరు వృత్తుల విద్యార్థులు ఒకరి గురించి ఒకరు, ఒకరి నుంచి ఒకరు, కలిసి నేర్చుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే చెప్పింది. నరసరావుపేటలోనో గురజాలలోనో శిక్షణ పొందే అమ్మాయి ఓ పూట ల్యాబ్‌లో, ఓ పూట 108లో గడిపితే ఎదుటివారి పని తెలుస్తుంది. వాళ్లకీ ఆమె పని విలువ తెలుస్తుంది.

ఈ జట్టులో ఏడో మనిషి మీరే. పాము కాటేస్తే నాటుమందుల కోసం తిరక్కండి. ముందు గడియారం చూడండి. ఆ సమయం నర్సుకు చెప్పండి.