కట్ట కట్టినంత మాత్రాన సరిపోదు

సెల్లారు కట్టే మేస్త్రీకి తెలియని విషయం కాదు: నేలమట్టానికి దిగువన ఉన్న గదికి గోడలెంత గట్టివైనా చాలవు. లోపల ఊరే నీటికి సంపు తవ్వాలి, పంపు పెట్టాలి, ఎత్తిపోసిన నీరు వెనుకకు రాకుండా కవాటం బిగించాలి. 2024 జూలై 27న ఢిల్లీలోని ఓల్డ్ రాజేందర్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటరు సెల్లారులోకి వరదనీరు చొరబడి ముగ్గురు విద్యార్థులు ప్రాణాలు కోల్పోయినప్పుడు పార్లమెంటు ఉభయ సభలూ ఆ దారుణాన్ని ప్రస్తావించాయి. రాజధాని నడిబొడ్డున జరిగింది కనుక అది సభ దృష్టికి వచ్చింది. పూర్వపు బస్తర్ జిల్లా దక్షిణాగ్రాన, శబరి ఒడ్డున ఉన్న కోంటాకు ఆ భాగ్యం ఎంతవరకు దక్కిందో విజ్ఞులైన పాఠకులకు చెప్పనక్కరలేదు.

మనవాళ్లు కుంట అని పిలిచే ఈ ఊరు 2012 నుండి సుక్మా జిల్లాలో ఉన్నది. పోలవరం నిండితే అక్కడి పల్లపు భూములకు ముంపు తప్పదన్న వివాదం నాలుగు దశాబ్దాల నాటిది. 1980 ఏప్రిల్ 2 నాటి అంతర్రాష్ట్ర ఒప్పందం గోదావరి ట్రిబ్యునల్ తీర్పులో భాగమైంది. దాని ప్రకారం 150 అడుగుల మట్టానికి పైన మునిగే భూములకు ఆంధ్రప్రదేశ్ నష్టపరిహారమైనా చెల్లించాలి, లేదా ప్రాజెక్టు ఖర్చుతో కరకట్టలు కట్టి, మురుగు తూములు అమర్చి, వాటిని నిర్వహించాలి. ఏది కావాలో ఎంచుకునే హక్కు ఎగువ రాష్ట్రాలది.

చిక్కంతా ఆ తూముల వద్దనే ఉన్నది. నది తగ్గి ఉన్నప్పుడే తూము నీటిని బయటకు పంపగలదు. కూనవరం వద్ద గోదావరి పొంగి శబరిని వెనుకకు నెట్టినప్పుడు తూము తలుపులు మూయక తప్పదు. ఆ వేళకే కట్టకు లోపలివైపు వాన కురుస్తూ ఉంటుంది, వాగులు పారుతూ ఉంటాయి. ఊరిని కాపాడవలసిన కట్టే ఊరిని తొట్టిగా మార్చుతుంది. అప్పుడు గతి సంపు, పంపు, వాటికి కరెంటు, కరెంటు పోతే డీజిలు, అర్ధరాత్రి మేల్కొని నడిపే మనిషి.

భద్రాచలం వద్ద గోదావరి 1986లో 75.6 అడుగులకు, 2022లో 71.3 అడుగులకు చేరింది. ఇవి కాగితపు లెక్కలు కావు. స్పిల్‌వే సామర్థ్యాన్ని 36 లక్షల క్యూసెక్కుల నుండి 50 లక్షలకు పెంచినవారు కట్ట వెనుక నిలిచే నీటిని కూడ అంతే శ్రద్ధగా లెక్కించాలి. ఒడిశా 2007లో, ఛత్తీస్‌గఢ్ 2011లో సుప్రీంకోర్టు గడప తొక్కాయి. 2014లో పోలవరం జాతీయ ప్రాజెక్టు అయినది కనుక కేంద్రం ఇక మధ్యవర్తి మాత్రమే కాదు, బాధ్యురాలు కూడ.

డీజిలు ఎవరి పద్దులో పడుతుంది, ఎన్నేళ్లు పడుతుంది అన్నది నేడే రాసిపెట్టుకోవడంలో ఆంధ్రప్రదేశ్‌కు నష్టం లేదు. ప్రాజెక్టుకు అడ్డుపడుతున్నది పంపు ఖర్చు కాదు, పొరుగువారి అపనమ్మకం.