తీగ తెగితే దారి మారాలి

కర్నూలు, కడప జిల్లాల కేబుల్ ఆపరేటర్లకు, కాలేజీల్లో ఆసుపత్రుల్లో నెట్‌వర్క్ చూసే మిత్రులకు విజ్ఞప్తి.

రోడ్డు పని మొదలైతే జేసీబీ పన్ను ఫైబర్‌కు తగులుతుంది. గాలివాన వస్తే కరెంటు స్తంభాల మీది తీగ తెగిపడుతుంది. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలును ముంచింది. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ల మీద పడింది. ఇలాంటి చోట ఒక్క తీగను నమ్ముకోలేమని మీలో కొందరు రెండో లింకు కూడా తీసుకున్నారు. రెండింటికీ డబ్బు కడుతూ కూడా ఆగిపోతున్నవాళ్ల కోసమే ఈ కరపత్రం.

తప్పంతా స్టాటిక్ రూటుది. కర్నూలు నుంచి కడపకు వెళ్లే మీ మొదటి లింకు ఆళ్లగడ్డ దగ్గర తెగిందనుకోండి. కర్నూలులో మీ రూటర్‌ను ఆనుకున్న స్విచ్ బాగానే ఉంటుంది, పోర్టు లైటు పచ్చగానే వెలుగుతుంది. రూటర్ ఆ లైటును నమ్మి డేటానంతా తెగిన దారిలోకే తోస్తుంది. డోన్, గుత్తి, తాడిపత్రి మీదుగా కడప చేరే రెండో లింకు ఖాళీగా పడి ఉంటుంది. ఎవరో లాగిన్ అయి రూటు మార్చేదాకా ఆసుపత్రిలో ఓపీ చీటీ రాదు, కాలేజీలో ఫీజు రశీదు రాదు.

రెండు చివర్లా రూటర్లు మీవే అయితే ఓఎస్‌పీఎఫ్ అనే రూటింగ్ ప్రోటోకాల్ పెట్టండి. ఇది ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు, మైక్రోటిక్ పెట్టెల్లోనూ ఉంది. మామూలుగా 10 సెకన్లకోసారి పక్క రూటర్‌కు హలో పంపుతుంది. 40 సెకన్లు అవతలి నుంచి హలో రాకపోతే ఆ దారి పోయిందని తేల్చి, మిగిలిన దారి లెక్కగట్టి మళ్లిస్తుంది. పాత రిప్ ప్రోటోకాల్‌కైతే అలా తేల్చడానికి 180 సెకన్లు పడుతుంది. మీకు ఇంటర్నెట్ ఇచ్చే పై సంస్థతో కలిసే చోట మామూలుగా బీజీపీ వాడతారు, అది వేరే సంగతి.

పెట్టేటప్పుడు ఏరియా నంబరు రెండు వైపులా ఒకటే ఉండాలి, రూటర్ ఐడీలు వేరుగా ఉండాలి. ఎంటీయూ కలవకపోతే రూటర్లు ఎక్స్‌స్టార్ట్, ఎక్స్‌ఛేంజ్ దశల దగ్గరే నిలిచిపోతాయి; గంటలు తినేసే తప్పు ఇది. అసలు లింకుకు కాస్ట్ తక్కువ, రెండోదానికి ఎక్కువ ఇవ్వండి. కస్టమర్ల వైపు పోర్టులను పాసివ్ చేసి, రూటర్ల మధ్య పాస్‌వర్డ్ పెట్టి తీరాలి. లేకపోతే ఎవరైనా ఒక పెట్టె తగిలించి దొంగ రూట్లు చాటగలరు.

లింకు ఇచ్చేవారిని తీగ ఏయే ఊళ్ల మీదుగా వస్తుందో రాసిమ్మని అడగండి. కాగితం మీద రెండు లింకులు, కింద ఒకటే స్తంభం అయితే ఏ ప్రోటోకాలూ కాపాడలేదు.

చివరగా, ఒక రాత్రి పరీక్షించండి. రూటర్ దగ్గరి తీగ పీకితే చాలదు. పోర్టు ఆరిపోతే స్టాటిక్ రూటు కూడా తప్పుకుంటుంది. దారిలో ఉన్న స్విచ్‌కు అవతలి పక్క పీకి, మళ్లీ పింగ్ ఎప్పుడు వస్తుందో ఫోనులో సెకన్లు చూసుకోండి.