గృహిణీ ప్రసంగము: త్రాటిని పామనుట, పామును త్రాడనుట

రజ్జుసర్ప న్యాయము మీలో పెక్కుమందికి తెలిసినదే. మసక వెలుతురున దారిలో పడియున్న త్రాటిని జూచి పామని భ్రమసి, గుండె దడదడలాడ వెనుకకు దుముకుదుము. దీపము దెచ్చి చూచినంతనే భయము తొలగిపోవును. పెద్దలు దీనిని వేదాంత బోధకై చెప్పిరి. మేము ఈ మాసమున దీనిని చేనిగట్టునకును, ఇంటి లెక్కల పుస్తకమునకును అన్వయించి చూడదలచితిమి. ఏలయన, ఈ భ్రమకు మారుముఖ మొకటి గలదు. త్రాటిని పామనుకొన్నవారు ఒక కేక వేసి ఊరకుందురు. పామును త్రాడనుకొని చేతబట్టినవారి గతి యేమి? మన పల్లె సంసారములలో ఈ రెండవ భ్రమయే యెక్కువ హాని చేయుచున్నదని మా యభిప్రాయము.

మనసు ప్రమాదమును ఏ తక్కెడలో తూచునో కనుగొనుటకు శాస్త్రజ్ఞులు చాల శ్రమపడిరి. ఆమాస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానమన్ అను ఇరువురు మనశ్శాస్త్రవేత్తలు 1973వ సంవత్సరమున ఒక సంగతిని వెల్లడించిరి. ఏ విషయము సులభముగా జ్ఞప్తికి వచ్చునో అది తరచుగా జరుగునని మనము నమ్ముదుమట. వీరిలో కానమన్ గారికి 2002లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. ట్వెర్‌స్కీ గారు 1996లోనే గతించిరి. అమెరికాలో జరిగి 1978లో ప్రకటింపబడిన మరియొక పరిశోధనలో, దుర్ఘటనలవలన ఎందరు మరణింతురు, వ్యాధులవలన ఎందరు మరణింతురు అని జనులను ప్రశ్నించిరి. రెండును ఇంచుమించు సమానమని వారి యంచనా. నిజమునకు ఆ దేశమున వ్యాధులవలన పోవు ప్రాణములు సుమారు పదునారు రెట్లు. దుర్ఘటన పత్రికలో బొమ్మతో సహా వచ్చును. మంచము పట్టి కృశించి పోయినవాని వార్త వీధి దాటదు. కంటికి గట్టినది కొండంతగను, కానరానిది గోరంతగను తోచుట ఇందువలననే.

పాల్ స్లోవిక్ అను పండితుడు 1987లో దీనికి మరికొంత చేర్చెను. క్రొత్తది, మన చేతిలో లేనిది, ఒక్కమారుగ పదిమందిని కూల్చునది అనిన మనకు భయ మధికము. అలవాటైనది, మన చేతులతో మనమే చేయునది అనిన భయ మల్పము. ఈ మాటను మనసున నుంచుకొని మన సీమను పరికింతము.

పూర్వపు గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలలో ప్రత్తియు మిరపయు ప్రధానమైన పైరులు. రెండును పురుగు బెడద గలవియే. కావున పురుగుమందు డబ్బా ఈ ప్రాంతపు ఇండ్లలో ఉప్పుజాడీవలె నిత్యవస్తువై పోయినది. మా వీధినుండి ప్రత్తిచేలకు పోవు నొక స్త్రీని, "ఏమమ్మా, మందు కలిపేటప్పుడు చేతులకేమీ తొడుక్కోవా?" అని యొకనాడు అడిగితిమి. "కొట్టేది మా ఆయన గదమ్మగారూ! నేను నీళ్లు పోసి కలిపి ఇచ్చేదాన్నేగా, నాకేమవుద్ది?" అని యామె నవ్వినది. ఆమెయే ప్రొద్దుగ్రుంకిన పిదప చెరువుగట్టు చింతచెట్టు క్రిందుగా నడువదు.

ఆమె ప్రశ్నకు సమాధానము 2005లో ప్రకటింపబడిన యొక పరిశీలనలో గలదు. మన దేశమున మూడు గ్రామములలో ప్రత్తి సాగుచేయు ఏబదిమంది స్త్రీలు, మందు కొట్టిన ప్రతి దినమున తమకును తమ ఇంటి పురుషులకును కలిగిన బాధలను పైరుకాలమంతయు వ్రాసి యుంచిరి. మందు కలుపుట, పంపులో నింపుట అను పనులు పిచికారి చేయుటతో సమానముగ అపాయకరములని తేలినది. 323 సందర్భములలో నూటికి 83 పాళ్లకు మించి ఏదో యొక విషలక్షణము కనబడినది. నూటికి ఆరు పాళ్లలో నరములకు సోకిన విషలక్షణములు మిక్కిలి తీవ్రముగ నుండెను. అయినను వైద్యుని కడకు పోయినవారు ఒక్కరును లేరు! తలనొప్పి, కనుచీకట్లు, చేతుల వణకు ఎండదెబ్బయని సరిపెట్టుకొనిరో, ఇది యెప్పుడును ఉండునదే యని యూరకుండిరో. పామును త్రాడనుకొనుట యనగా నిదియే.

పురుగు కంటికి కనబడును. కావున దానియెడ భయము మెండు. విషము నీటిలో కలిసినచో కనబడదు. కావున భయము లేదు. 1987-88లో ఈ రెండు జిల్లాల ప్రత్తిరైతులు ఆకాలమున క్రొత్తగా వచ్చిన మందులను మరల మరల కొట్టిరి. పైరునకు మేలుచేయు పురుగులు నశించెను. తెల్లదోమయు కాయతొలుచు పురుగును పేట్రేగెను. అవి పెరిగినకొలది భయము, భయము పెరిగినకొలది మందు, మందుతో పాటు అప్పు పెరిగినవి. ఆ యేడు పెక్కు గృహములు తమ యింటి దీపమును గోల్పోయినవి. ఆ కుటుంబముల దుఃఖమును మేము ఉదాహరణగా వాడుకొనదలపము. భయము త్రోవ తప్పిన నెంత దూరము పోవునో తెలుపుటకు మాత్రమే స్మరించితిమి.

ఆశయు భయమువంటిదే. దానికిని తూనిక యిట్లే తప్పును. మిరపధర సంగతి చూడుడు. 2016లో గుంటూరు మిర్చి యార్డున క్వింటాలు పదివేలు దాటి పలికినది. ఆ ధర కంటికి గట్టినట్లుండుటచే ఆ యేడు ఎందరో మిరప వేసిరి. 2017 వేసవికి ధర కూలిపోగా, కేంద్ర ప్రభుత్వము క్వింటాలు 5,000 రూపాయలకు కొనుగోలు ప్రకటింపవలసి వచ్చినది. పిదప 2021-22లో నల్ల తామరపురుగు తోటలను పాడుచేసినది. సరకు తగ్గి, 2023 నాటికి మేలురకములు 20,000 దాటినవి. మరల అందరును మిరపయే వేసిరి. 2025 ఫిబ్రవరిలో ప్రభుత్వము క్వింటాలుకు 11,781 రూపాయలు నిర్ణయించి మరల ఆదుకొనవలసి వచ్చినది.

ఇందులో మర్మ మేమియు లేదు. నారు పోయునప్పుడు మన కన్నులయెదుట నుండునది గడచిన వేసవి ధర. మనము అమ్మబోవునది రాబోవు వేసవి ధరకు. నాకు కనబడిన ధరయే పొరుగువానికిని, ఖమ్మము రైతునకును కనబడును. అందరును ఒకే ధరను జూచి ఒకే పైరు వేసినచో ఆ ధర నిలుచునా? ప్రియముగ నుండుటయే చవుకకు కారణమగుట ఇట్లు.

ఒక చిన్న లెక్క వేయుదము. ఎకరమునకు 20 క్వింటాళ్లు పండుననియు, కౌలుతో సహా ఖర్చు 2,50,000 రూపాయలనియు అనుకొందము. ధర 20,000 అయినచో 4,00,000 వచ్చును. 1,50,000 మిగులును. ధర 10,000 అయినచో 2,00,000 వచ్చును. 50,000 అప్పు. ధర తగ్గుటయే గాక పంటయు 15 క్వింటాళ్లకు దిగినచో లక్ష అప్పు. మగవారు అరుగుపై గూర్చుండి మొదటి లెక్క మాత్రమే చెప్పుకొందురు. రెండవదియు మూడవదియు ఎవరును నోట పలుకరు. పలికిన అశుభమని శంక. సోదరీమణులారా! ఇంటికి నిప్పంటుకొనునని శంకించి బావి త్రవ్వుకొనుట అశుభము కానప్పుడు ఈ లెక్క మాత్రము అశుభ మెట్లగును?

నష్టము వచ్చిన పిదప మనసు మరింత విపరీతముగ వర్తించును. సభాపర్వము చదివినవారు ధర్మరాజును జ్ఞప్తికి దెచ్చుకొందురు గాక. ఆట మొదలిడునాడు, "తమ్ములను పణముగ పెట్టుదువా?" యని యెవరైన అడిగియుండిన, ఆయన చెవులు మూసికొనియుండును. ధనమంతయు పోయిన పిదప, పోయినదానిని రాబట్టు తలంపున తమ్ములను, తన్నును, తుదకు ద్రౌపదిని పెట్టెను. పైన చెప్పిన కానమన్, ట్వెర్‌స్కీలు 1979లో దీనినే శాస్త్రముగ నిరూపించిరి. నూరు రూపాయలు వచ్చిన సంతోషముకంటె నూరు పోయిన బాధ యెక్కువ. ఆ బాధ తీర్చుకొనుటకై, లాభములో నున్నప్పుడు ఒల్లని సాహసమును నష్టములో నున్నవాడు చేయును. నిరుడు రెండెకరములలో నష్టపడినవారు ఈ యేడు ఐదెకరములు కౌలునకు పట్టుట మనము చూడలేదా? "ఒక్క పంట కలిసివచ్చిన చాలు, అన్నియు తీరిపోవును" అను మాట వినలేదా? అది పాచికలాటలోని మాట. ఆ మాట వినబడిన యింట పణములో తరువాత పెట్టబడునది బీరువాలోని నగ.

ఇట్లని భయపడుటయే తప్పని మేము చెప్పము. తగినచోట నిలిపిన భయము ప్రాణరక్షకము. 1977 నవంబరు 19న దివిసీమకు ఉప్పెన వచ్చినపుడు సుమారు పదివేలమంది మరణించిరి. గుంటూరు జిల్లా తీరమునను ఘోరనష్టము కలిగినది. 1990 మే నెలలో ఇంచుమించు అంతటి తుపానే ఈ తీరమును తాకినది. ఈమారు మృతులు వేయికి లోపు. హెచ్చరికలు మెరుగుపడుటయు, లక్షకు పైబడిన జనులను ముందుగనే తరలించుటయు ఇందుకు కారణములు. మునుపటి ఉప్పెనను కన్నులార గాంచినవారికి కదలుడని మరల మరల చెప్పవలసిన పని యుండదు గదా. సముద్రమువిషయమున జ్ఞాపకము చేసిన మేలును, కంటికి కనబడని అపాయములవిషయమున వ్రాతయు నియమమును చేయవలెను. అది గృహిణి చేతిలోని పని.

మొదటిది మందుల విషయము. డబ్బా వంటయింటను, ధాన్యపు గదిలోను ఉండరాదు. పిల్లలకు అందని చోట తాళము వేసి యుంచవలెను. మందును నీళ్ల సీసాలోనికి మార్చి పోయరాదు. ఖాళీ డబ్బాను ఎంత కడిగినను నీటికిగాని పప్పునకుగాని వాడరాదు. కలుపునపుడు చేతితో గాక కఱ్ఱతో కలుపవలెను. చేతితొడుగులు, నిండుచేతుల రవిక, ముక్కునకు నోటికి అడ్డము ఉండవలెను. గాలికి ఎదురుగ నిలువరాదు. గర్భిణులును, బాలింతలును, పిల్లలును ఆ దరికే పోరాదు. ఆ బట్టలను వేరుగ ఉతుకవలెను. తలత్రిప్పట, వాంతి, అధికముగ చెమట, నోట నీరూరుట, చూపు మసకబారుట, కండరముల అదురు — ఇందులో ఏది కనబడినను బట్టలు మార్చి, ఒంటిని సబ్బుతో కడిగి, వెంటనే 108 బండిని పిలిచి, డబ్బాపై చీటీతో సహా ఆసుపత్రికి పోవలెను. మజ్జిగయు నిమ్మరసమును దీనికి మందులు కావు.

రెండవది పంట విషయము. గడచిన యైదేండ్ల మిరపధరలను యార్డులో విచారించి, పంచాంగము ప్రక్కనే గోడకు వ్రాసి యుంచుడు. ఒక్క యేటి ధర మనసును లాగునపుడు మిగిలిన నాలుగును కనబడవలెను.

మూడవది, ఆషాఢములో, నారు పోయకమునుపే, మీ భర్తగారు నెమ్మదిగ నున్న వేళ అడుగుడు: "ధర సగమైతే మనకేమి మిగులునండీ? కౌలు, వడ్డీ ఎట్లు తీర్తుము? ఏమైనను ముట్టరానివి ఏవేవి?" పిల్లల చదువునకు దాచినది, ఏటి తిండిగింజలు, ఉన్న కొద్ది సొంతనేల ముట్టరానివని అప్పుడే నిర్ణయించుకొని వ్రాసికొనుడు. నష్టము తగిలిన పిదప ఆ నిర్ణయము చేయ మనసు సహకరింపదని పైన జూచితిమి గదా.

"ఆడువారికి ఈ లెక్క లెందుకు?" అని కొందరు అందురు. పేడనీళ్లు చల్లినట్లే మందునీళ్లు కలుపునది ఆడుది. మండుటెండలో మిరపకాయలు కోయునది ఆడుది. అప్పువాడు వాకిట నిలిచిన వేళ తలుపు తీయునదియు ఆమెయే. నష్టములో భాగమున్నవారికి విచారణలోను భాగముండవలెను. ద్రౌపది నిండుసభలో వేసిన ప్రశ్నకు భీష్మునివంటి వాడును సరియైన బదులు చెప్పలేకపోయెను. అయినను ఆ ప్రశ్న పాచికలు పడిన పిదప పుట్టినది. మనది నారుమడి దున్నకమునుపే పుట్టవలెను.