ప్రణాళికా సంఘం లేని పెళ్ళి

ప్రణాళికా సంఘం 1950 మార్చిలో పుట్టి, 2015 జనవరి 1న నీతి ఆయోగ్‌కు చోటిచ్చి నిష్క్రమించింది. అంతమాత్రాన దేశ రాజధానిలో ప్రణాళికాకర్తలకు కరవు వచ్చిందని పాఠకులు భ్రమపడనక్కరలేదు. యోజనా భవన్‌లో ఒకప్పుడు కూర్చున్నవారి కంటె ఎక్కువమంది ప్రణాళికాకర్తలు నేడు ఢిల్లీ శివార్ల తోటలలో, విందుశాలలలో తలమునకలుగా ఉన్నారు. వీరు రచించేవి పంచవర్ష ప్రణాళికలు కావు, మూడు రోజుల పెళ్ళి ప్రణాళికలు. వ్యయాన్ని అంచనా వేయడంలో, ఆ అంచనాను మించిపోవడంలో మాత్రం పాత సంఘానికి వీరు ఏమాత్రం తీసిపోరు.

2024 చివర, నవంబరు, డిసెంబరు ముహూర్తాలలో దేశంలో 48 లక్షల పెళ్ళిళ్ళు జరుగుతాయనీ, వాటి మీద సుమారు 5.9 లక్షల కోట్ల రూపాయల వ్యాపారం సాగుతుందనీ అఖిల భారత వర్తకుల సమాఖ్య అంచనా కట్టింది. ఇది అమ్మేవారి లెక్క. కొనేవారి లెక్క ఎవరూ ప్రకటించరు. అది ఇళ్ళలో, అప్పు పత్రాలలో, భవిష్యనిధి ఖాతాలలో ఉంటుంది. అటువంటి లెక్క ఒకటి గత మాఘమాసంలో జంషెడ్‌పూర్‌లో దగ్గరనుంచి చూసే అవకాశం నాకు కలిగింది.

జంషెడ్‌పూర్ ప్రణాళికకు పుట్టినిల్లు వంటి ఊరు. సువర్ణరేఖ, ఖర్కాయి నదుల నడుమ సాక్చి అనే పల్లె దగ్గర టాటాల ఉక్కు కర్మాగారం లేచింది. ఊరికి ఆ పేరు పెట్టింది 1919లో. కెనెడీ మొదలు టెంపుల్, కోనిగ్స్‌బెర్గర్ వరకు పేరుమోసిన ప్రణాళికాకర్తలు దాని వీధులు గీశారు. ఎన్నికైన పురపాలక సంఘం లేకుండానే దశాబ్దాల తరబడి కంపెనీ చేతి మీదుగా నడిచిన నగరం అది. అన్నీ ఎవరో ఒకరు పైనుంచి చక్కబెట్టి ఇవ్వడానికి అలవాటుపడిన ఆ ఊరిలో, మనవాళ్ళు తమ పెళ్ళిళ్ళను మాత్రం ఇన్నాళ్ళూ తామే చేసుకుంటూ వచ్చారు.

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాలనుంచి కూలికో, కొలువుకో వెళ్ళినవారి మూడవ, నాలుగవ తరం నేడక్కడ ఉన్నది. బిష్టుపూర్‌లో వారి రామమందిరం ఉన్నది, కదమాలో ఆంధ్ర అసోసియేషన్ ఉన్నది. ఇంట తెలుగు, వీధిలో హిందీ, ఇరుగుపొరుగుతో బెంగాలీ, ఒడియా. ఝార్ఖండ్ రాష్ట్రం 2000 నవంబరు 15న ఏర్పడింది. మనవారి పిల్లలలో తెలుగు మాట్లాడగలవారు చాలామందే గాని చదవగలవారు తక్కువ. బడిలోను, కచేరీలోను ఆసరా లేని భాషకు అక్కడ మిగిలిన కచేరీ పెళ్ళిపందిరి. నలుగురు మేనమామలు, పది మంది అత్తలు కూడి వాదులాడుకునేది అక్కడే, తెలుగులోనే.

* * *

మా పినతల్లి కుమారుడు ఆ ఊళ్ళో ముప్ఫయి ఆరేళ్ళు కొలువు చేసి విరమించాడు. కుమార్తె బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్నది. మగపెళ్ళివారు సంస్కారవంతులు. కట్నం పేరెత్తలేదు. "మాకేమీ వద్దండీ, పెళ్ళి మాత్రం ఘనంగా జరిపించండి" అన్నారట. ఆ ఒక్క మాటతో ఇంటికి ఒక పెళ్ళి ప్లానర్ వచ్చాడు. మర్యాదస్తుడైన యువకుడు. తెర మీద బొమ్మలు చూపించాడు, చివర ఒక కాగితం ఇచ్చాడు. మా అన్నయ్య ఆ అంకె చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. అంకె మారలేదు. అది ఆయన భవిష్యనిధిలో ఇంచుమించు సగం.

"తమ్ముడూ, పిల్ల పెళ్ళి ఒక్కసారే కదా" అని ఆయన నాకు ఫోనులో చెప్పిన మాటలో సంతోషం కంటె భయం ఎక్కువగా వినిపించింది. ఆ భయాన్ని తీర్చింది నేను కాదు, పెళ్ళికూతురే. "నాన్న దాచుకున్న డబ్బు మీద నిలబడి నేను ఫోటోలు దిగను బాబాయ్" అన్నది. తానే వరునితో మాట్లాడింది. ఖర్చు చెరిసగం అన్నది. అతడు ఒప్పుకున్నాడు. అతని తల్లిదండ్రులు వారం రోజులు మౌనం వహించి, ఆ పైన ఒప్పుకున్నారు.

ఇక్కడ ఒక విషయం రాజకీయాసక్తి గల పాఠకులు గమనించాలి. వరకట్నాన్ని అరికట్టడానికి నేటి ఝార్ఖండ్ ఇమిడి ఉన్న నాటి బీహారు 1950లోనే చట్టం చేసింది. ఆంధ్రప్రదేశ్ 1958లో చేసింది. కేంద్ర చట్టం 1961లో వచ్చింది. దానికి 1984లో, 1986లో పదును పెట్టారు. ఇన్ని చట్టాలు కాపలా కాసేది ఒక పక్షం చేతినుంచి రెండవ పక్షం చేతికి పోయే ధనాన్ని. పందిరికి, పూలకు, దీపాలకు తగలబడే ధనం ఎవరి చేతికీ చేరదు గనుక చట్టం కంటికి సులభంగా ఆనదు. పిల్ల తండ్రి మాత్రం అంతే ఖాళీ అవుతాడు. కట్నం ముందు గుమ్మంలోంచి వెళ్ళిపోయి "ఘనత" పేరుతో పెరటి గుమ్మంలోంచి తిరిగి వచ్చింది.

* * *

ప్లానర్ వెళ్ళిపోయిన తరువాత ఒక ఆదివారం పది కుటుంబాలు కూడి శాఖలు పంచుకున్నాయి. పొరుగున ఉన్న రిటైర్డు ఉపాధ్యాయిని ఆర్థిక శాఖ తీసుకున్నారు. ఆమె సంతకం లేనిదే రూపాయి కదలదు. ఆహారం ఒకరికి, విడిది ఒకరికి, పురోహితుడు, సన్నాయి మేళం మరొకరికి. ఢిల్లీలో ఉండే విలేఖరికి రైల్వే కోటా ఉంటుందన్న భ్రమ ఇంకా చావలేదు గనుక నాకు రైల్వే శాఖ దక్కింది. ప్రధానమంత్రి పదవి ఎవరికీ ఇవ్వలేదు. మంత్రివర్గం సవ్యంగా సాగడానికి అది కూడా ఒక కారణం కావచ్చు.

చలికాలపు పెళ్ళికి మొదటి చిక్కు తిథి. ఉత్థాన ఏకాదశితో ఉత్తరాదివారి లగ్నాలు మొదలవుతాయి. మన కార్తీక, మార్గశిర ముహూర్తాలు వాటితో ఢీకొంటాయి. డిసెంబరు మధ్యనుంచి సంక్రాంతి దాకా మనకు ధనుర్మాసం, వారికి ఖర్‌మాస్. ఇద్దరికీ పెళ్ళిళ్ళు లేవు. కట్ట తెగినట్టు మాఘంలో అందరూ ఒక్కసారి హాళ్ళ మీద పడతారు. కాబట్టి ముందు ముహూర్తం, తరువాత హాలు అనే క్రమాన్ని మావాళ్ళు తిరగవేశారు. కమ్యూనిటీ సెంటర్‌లో ఖాళీగా ఉన్న తేదీలు తెచ్చి పురోహితుని ముందు పెట్టారు. ఆయన అందులోంచి ఒక పగటి ముహూర్తం తీశారు. "తెల్లవారుజాము లగ్నం లేని పెళ్ళేమిటి?" అని పెద్దలు గొణిగారు. పది డిగ్రీల దరికి దిగే చలిలో రాత్రి రెండు గంటలకు ముసలివాళ్ళను కూర్చోబెట్టడం, దీపాలకు జనరేటర్లు, అందరికీ రెండవ రాత్రి విడిది, కప్పుకోను రజాయిలు, ఇవన్నీ లెక్క వేసి చూపేసరికి గొణుగుడు సద్దుమణిగింది. విడిది గదులలో బొగ్గుల కుంపట్లు పెట్టరాదన్నది ఆర్థిక శాఖవారి మరొక శాసనం. తలుపులు మూసిన గదిలో కుంపటి పొగ ప్రాణం తీస్తుందని ఏటా పత్రికలలో రాసే మేము కూడా మా ఇంటి పెళ్ళిళ్ళలో మరచిపోతాము.

రెండవ చిక్కు రైళ్ళు. ముందస్తు రిజర్వేషన్ గడువును 2024 నవంబరు 1నుంచి 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించారు. అందుచేత పలాస, శ్రీకాకుళం, విజయనగరం బంధువులకు శుభలేఖ కంటె ముందు తేదీ అందాలి. అరవయ్యవ రోజు ఉదయం ఎనిమిది గంటలకు ఎవరి ఊళ్ళో వారు సిద్ధంగా ఉండాలి. ఖరగ్‌పూర్‌లో బండి మారేవారికి తోడుగా ఇద్దరు కుర్రాళ్ళను పంపాము. ఉత్తరాదినుంచి వచ్చేవారిని పొగమంచు లెక్క వేసుకుని ఒక రోజు ముందే బయలుదేరమన్నాము. ఈ సలహా ఇచ్చిన రైల్వే మంత్రి తాను దానిని పాటించక స్నాతకం పూర్తయిన తరువాత పందిట్లో అడుగుపెట్టాడని అంగీకరించక తప్పదు.

భోజనంలో అంశాల సంఖ్య తగ్గించారు, వడ్డన తగ్గించలేదు. శీతకాలపు కాలీఫ్లవరు, బఠాణీలు చవక. పనసపొట్టు దొరకకపోతే మానుకున్నారు. పులిహోర, బూరెలు, గుమ్మడికాయ దప్పళం ఉన్నాయి. విస్తళ్ళు అక్కడి అడవుల సాల ఆకులతో కుట్టినవి. చలికి అన్నం క్షణంలో చల్లారుతుంది గనుక ఒక్కసారి వండి వరుసగా పేర్చకుండా పంక్తికి పంక్తి వేడిగా దించారు.

* * *

ఇది చదివి "పాతకాలమే బంగారం" అని నేను పాట ఎత్తుకుంటున్నానని ఎవరూ అనుకోవద్దు. ఇంటివారే చేసుకున్న పాత పెళ్ళిళ్ళు ఆడవారి వెట్టి మీద నడిచాయి. పొయ్యి దగ్గర నలిగి, చివరి పంక్తిలో చల్లారిన అన్నం తిన్నవారికి ఆ పెళ్ళి సందడి గుర్తుండదు, నడుము నొప్పి గుర్తుంటుంది. అందుకే వంటకు, వడ్డనకు, పందిరికి కూలి ఇచ్చి మనుషులను పెట్టుకోవడం తప్పు కాదు, ధర్మం. పెళ్ళి ప్లానర్ కూడా బతుకుతెరువు వెతుక్కున్న యువకుడే. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులై, చుట్టాలు దూరమైన నగరాలలో అతని అవసరం ఉండవచ్చు. నా అభ్యంతరం పని అప్పగించడం మీద కాదు, నిర్ణయం అప్పగించడం మీద. ఎవరిని పిలవాలి, ఎంత ఖర్చు చెయ్యాలి, ఏది మానాలి అన్నవి అద్దెకిచ్చేవి కావు. ఆ మూడూ అప్పగించిన కుటుంబం తన పెళ్ళికి తానే అతిథి.

శాసనంతో ఆడంబరం తగ్గించాలనే ప్రయత్నాలకూ కొదవ లేదు. ఆహార కొరత రోజులలో, 1960, 70 దశకాలలో, పలు రాష్ట్రాలు అతిథుల సంఖ్య మీద ఆంక్షలు పెట్టాయి. పెళ్ళికి అయిదు లక్షలు మించి ఖర్చు చేసేవారు అందులో పదవ వంతు పేద ఆడపిల్లల పెళ్ళిళ్ళ నిధికి ఇవ్వాలని శ్రీమతి రంజీత్ రంజన్ ఒక బిల్లు తెచ్చారు. అతిథులు పక్షానికి యాభై, వంటకాలు పది మించరాదన్న శ్రీ జస్బీర్ సింగ్ గిల్ బిల్లు 2023 ఆగస్టులో లోక్‌సభ ముందుకు వచ్చింది. ప్రైవేటు సభ్యుని బిల్లు శాసనమై 1970 తరువాత మరొకటి లేదని తెలిసినవారికి వాటి గతి వేరే చెప్పనక్కరలేదు. ఆ సభలలోనివారి ఇళ్ళ పెళ్ళిళ్ళకు పిలుపు అందుకునే విలేఖరిగా ఇంతకు మించి రాయడం నాకూ సభ్యత కాదు.

కాని ఉన్న చట్టం కింద 1985లో వచ్చిన నిబంధనలు ఒకటి కోరుతున్నాయి. వధూవరులకు అందిన కానుకల జాబితా రాసి ఉంచాలి. వస్తువు, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, చుట్టరికం, ఇద్దరి సంతకాలు. పెళ్ళింట ఉప్పునుంచి కర్పూరం దాకా వంద జాబితాలు రాస్తారు, ఈ ఒక్కటీ రాయరు. మనకు చదివింపుల పుస్తకం అనే మంచి ఆచారం ఉన్నది. దానికి మరి రెండు గళ్ళు చేరిస్తే చట్టం కోరింది నెరవేరుతుంది. జంషెడ్‌పూర్‌లో ఆర్థిక శాఖవారు ఆ గళ్ళు గీశారు. పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు పందిట్లోనే సంతకాలు చేశారు. మగపెళ్ళివారి పెద్దాయన ఒకరు చిన్నబుచ్చుకున్నారు. "ఇది మీ మీద అనుమానం కాదండీ, లెక్క" అన్నారు ఆ ఉపాధ్యాయిని.

మూడవ నాడు ఖర్చుల పుస్తకం అందరి ముందు చదివారు. ప్లానర్ చెప్పిన అంకెలో మూడవ వంతు కూడా కాలేదు. మిగిలిన దానితో అన్నయ్య ఏం చేస్తాడని అడిగాను. "ఏమీ చెయ్యను తమ్ముడూ, ఉంటుంది" అన్నాడు. బడ్జెట్టు సమావేశాలకు నేను ఢిల్లీ తిరిగి వచ్చాను. అనుబంధ పద్దులు లేకుండా ముగిసిన బడ్జెట్టు ఒకటి చూసి వచ్చానని సహచరులకు చెబితే నమ్మలేదు. ఆ పుస్తకంలో రైల్వే శాఖ మీద ఉన్న వ్యాఖ్యను మాత్రం వారికి చూపలేదు.